పరదేశమున పండుగ సెలవులు

ధనుర్మాసము వచ్చినదనగా మన యిండ్లలో నిప్పుడొక క్రొత్త వేడుక బయలుదేరినది. విదేశములలో చదువుకొనుచున్న పిల్లలు పంపిన ఛాయాచిత్రములను ఫోనులో ఒకరికొకరు చూపుకొనుట. దీపతోరణములు, ఎఱ్ఱని టోపీలు, చేతిలో పొగలు గ్రక్కు పానీయము. చూచినవారు "మీ అమ్మాయికేమి వదినా, దొరసానివలె తిరుగుచున్నది" అందురు. తల్లి నవ్వి యూరకుండును. వారు గడప దాటిన పిదప మాత్రము "సంక్రాంతికి రమ్మన్న తీరిక లేదట, ఊళ్లు తిరుగుటకు మాత్రము తీరిక యున్నది" అని కొంగుతో కన్నులొత్తుకొనును. ఈ మాట మేము విన్నది ఒక్క యింట కాదు. అందుచేత ఈ నెల దానిని గూర్చియే వ్రాయదలచితిమి.

మన కావ్యములలో దేశాంతరమేగువాడు పురుషుడు. ఇంట దినములు లెక్కించునది స్త్రీ. అష్టవిధ నాయికలలో ప్రోషితభర్తృకకు స్థానము కలదు గాని, కూతురు దూరదేశమున నుండగా ఎదురుచూచు తల్లికి అలంకారశాస్త్రమున పేరైనను లేదు. పేరు లేని బాధ గనుకనే కాబోలు అది నిష్ఠురముగా బయటపడుచున్నది.

మా అక్కగారి కూతురు జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున చదువుచున్నది. అచ్చటి శీతకాలపు చదువు అక్టోబరున మొదలై ఫిబ్రవరి వఱకు సాగును. నడుమ క్రిస్మసునకు రమారమి రెండు వారములు విరామము. జనవరి మొదటి దినములలోనే మరల పాఠములు, ఆ వెనుక పరీక్షలు. మన భోగి, సంక్రాంతి సరిగా ఆ యిరుకున పడును. విమానపు టిక్కెట్ల వెల మిన్నంటునదియు అప్పుడే. రాదలచినచో రాలేదా యను తల్లులు మన పంచాంగముతోపాటు ఆ పంచాంగమును గూడ ఒకమారు చూడవలెను.

ఇక తిరుగుటకు డబ్బెక్కడిదందురా? 2024 డిసెంబరులో ఆ పిల్ల వారాంతపు రాత్రులు పార్సెళ్ల గిడ్డంగిలో పనిచేసినది. పండుగ కానుకల రద్దీచే ఆ నెల అట్టి పని దొరకును. విదేశీ విద్యార్థులు ఏటికి 140 పూర్తి దినములు గాని 280 అరదినములు గాని పనిచేయవచ్చునని ఆ సంవత్సరము మార్చిలో చట్టము సడలినది. అంతకుముందు 120, 240 మాత్రమే. తెల్లవారుజామున బడలి గది చేరిన ముఖమును ఎవరును ఛాయాచిత్రము తీసి పంపరు గదా.

అంతకు ముందటి యేటి సంగతి చెప్పినగాని ఈ ప్రయాణముల కారణము బోధపడదు. ఆ దేశమున ఆదివారము అంగళ్లు తెఱవరు. డిసెంబరు 24న మధ్యాహ్నమునకే మూయుదురు. 25, 26 తేదీలు పూర్తి సెలవులు. 2023లో 24వ తేది ఆదివారమగుటచే వరుసగా మూడు దినములు మూతబడినవి. అప్పటికి మా పిల్ల వెళ్లి మూడు మాసములైన కాలేదు. ఈ సంగతి ఎఱుగదు. వసతిగృహమున తక్కిన గదులవారందఱు తమ తమ యూళ్లకు పోయిరి. వంటయింటిలో మిగిలినవి కొంచెము బియ్యము, అక్కగారు కట్టియిచ్చిన ఆవకాయ. పెద్ద రైలుస్టేషనులో కొన్ని అంగళ్లు అట్టి దినములలో తెఱచియుండునని తరువాత తెలిసినది.

ఆకలికన్న చీకటి యెక్కువ బాధించెనట. అచ్చట ఆ దినములలో ఎనిమిది దాటినగాని సూర్యుడు రాడు, నాలుగు గంటలకే అస్తమించును. మన పండుగ ముగ్గై, హరిదాసై, గంగిరెద్దై వీథిలోనికి వచ్చును. వారి పండుగ 24 సాయంకాలము ఇంటిలోనికి పోయి తలుపు వేసికొనును. అది వారి కుటుంబములకు మిక్కిలి ప్రియమైన రాత్రి, వీథిన మనుష్యసంచారముండదు. ఆ రాత్రి తల్లి ఫోను చేసి యడుగగా ఆ పిల్ల "స్నేహితులతో ఉన్నానమ్మా, బాగున్నది" అని చెప్పినదట. ఉన్నది ఒంటరిగా, దీపము వెలిగించిన గదిలో.

మరుసటి యేడు ఆ గదిలో మరల చిక్కుకొనరాదని నిశ్చయించుకొన్నది. ప్రాంతీయపు రైళ్లలోను బస్సులలోను దేశమంతట తిరుగుటకు నెలకు 49 యూరోల టిక్కెట్టొకటి 2023 మేలో వచ్చినది. 2025 జనవరి నుండి 58 యూరోలైనది. దానితో మొదట డ్రెస్డెన్ వెళ్లి అచ్చటి క్రిస్మసు సంత చూచినది. 1434 నాటికే ఆ సంత కలదట. చిత్రములన్నియు అచ్చటివే.

డిసెంబరు 20 సాయంకాలము మాగ్డెబుర్గు నగరపు సంతలోనికి ఒకడు కారు తోలి జనులను త్రొక్కించెను. ఆరుగురు మరణించిరి. గాయపడినవారు వందలమంది, అందు ఏడుగురు మన దేశీయులు. ఆ యూరు లైప్‌జిగ్‌నకు దూరమేమియు కాదు. వార్త మన కందునప్పటికి అర్ధరాత్రి దాటినది. అక్కగారు ఫోనులో ఏడ్చుచు "గది దాటితివా నా మీద ఒట్టే" అనిరి. తల్లి గనుక అట్లే యనును. మేమును ఆ రాత్రి నిద్రపోలేదు. అయినను ఏ గదిలో కూర్చుండుమని తాము ఒట్టు పెట్టుచున్నారో అక్కగారికి తెలియదు.

పిల్ల రెండు దినములు మాట నిలిపినది. 24న అదే మేడలో క్రింది వాటాలో నొంటిగా నుండు వృద్ధురాలొకతె మెట్లకడ కనబడి, రాత్రి భోజనమునకు రమ్మనెను. ఇది వెళ్లినది. ఆ రాత్రి అనేకుల యిండ్లలో ఆడంబరము లేదు. బంగాళాదుంపల కూర వంటి చల్లని వంటకము, మాంసపు సాసేజీలు. మనది శాకాహారి గనుక దుంపలతో సరిపెట్టుకొన్నది. ఆ మేజామీద చిన్న పశువులశాల, గొఱ్ఱెలు, కాపరులు, మేరీమాత, బొమ్మలుగా తీర్చియుండెను. శిశువు పడుకొనవలసిన తొట్టిమాత్రము అంతవఱకు ఖాళీ. ఆ రాత్రియే శిశువును అందుంచుదురు. ముసలామె ఆ బొమ్మను మా పిల్ల చేతికిచ్చి ఉంచుమనెను. "సంక్రాంతి బొమ్మలకొలువులో ముందు ఏ బొమ్మ పెట్టవలెనో అమ్మమ్మ నన్నడుగునట్లే యుండెను పిన్నీ" అన్నది.

27న ఇద్దఱు సహపాఠినులతో కలిసి ఎర్ట్స్‌గెబిర్గె యను కొండసీమకు పోయినది. 1168 ప్రాంతమున అచ్చట వెండి బయల్పడినది మొదలు శతాబ్దములపాటు గనులు త్రవ్విరి. 2019లో ఆ సీమ ప్రపంచవారసత్వముగా గుర్తింపబడినది. శీతకాలమున గనివాండ్రు పొద్దు పొడువకముందే లోనికి దిగి, క్రుంకిన పిదప పైకి వచ్చువారు. వారికి పగలన్నది లేదు. ఆ కారణమున వెలుతురు మీద ఆ జనమునకు అంత మమకారమందురు. గనులు క్షీణింపగా జైఫెన్ గ్రామమువారు కొయ్యబొమ్మలు చేసి బ్రదుకసాగిరి. మన కొండపల్లివారు తేలికైన పొణికికఱ్ఱను చెక్కుదురు. వీరు కొయ్యను తరిమెన పట్టి, ఉంగరమువలె త్రిప్పి, ఆ యుంగరమును ముక్కలుగా కోయగా ఒక్కొక్క ముక్క ఒక్కొక్క జంతువై తేలును. ఈ పని చూచుచు ఒక జామంత నిలిచిపోయితిమని చెప్పినది.

అక్కడి ఆచార మింకొకటి. ఇంట నెందఱు ఆడపిల్లలో అన్ని దేవదూతల బొమ్మలు, ఎందఱు మగపిల్లలో అన్ని గనివాండ్ర బొమ్మలు చేత దీపములతో కిటికీలో నిలుపుదురు. వీథిన పోవువారికి ఆ యింటి సంతానమెంతయో తెలియును. మా పిల్ల దేవదూత నొకదానిని కొని తల్లికి పంపినది. సంక్రాంతికి అందవలసినది మాఘమున అందినది. కొలువు ఎత్తివేసిన తరువాత గూడ అక్కగారు దానిని ఒక్కదానినే కిటికీలో నుంచిరి.

2023 నాటి రాత్రి సంగతి అక్కగారు ఈ పుటలోనే మొదట చదువుదురు. ఆ పిల్ల యనుమతితోనే వ్రాసితిమి. తాను నోట చెప్పలేనని యన్నది. ఈ యేడు గూడ ఆమె సంక్రాంతికి రాదు.

పిల్లలను ఆ దేశమునకు పంపిన సోదరీమణులకొక మాట. శీతకాలమున మనకు వారికి నాలుగున్నర గంటల తేడా. 24న అచ్చట ఆరు గంటలై తలుపులన్నియు మూసికొనునప్పటికి మనకు రాత్రి పదిన్నర. ఇంటిల్లిపాదియు నిద్రించు వేళ. ఆ రాత్రి మేలుకొని ఫోను చేయుడు. ఎచ్చట తిరిగితివని గాక, ఎవరితో భుజించితివని, వండుకొనుటకు ఏమున్నదని అడుగుడు. బాగున్నదని వెంటనే బదులు వచ్చినచో, ఇంకను కొంతసేపు మాటలాడుడు.