ఏ నాణెము?

మన యువకులు కొందరు స్వదేశపు కంపెనీ కొలువునో, అమెరికా కంపెనీ కొలువునో విడువక, పరదేశమున గది బాడుగకు గైకొని యచ్చటినుండియే పని చేయనెంచుచున్నారు. నిజాం రాజ్యమున సుమారు 7 హాలీ సిక్కా రూపాయలు 6 కల్దారు రూపాయలకు సరియగుచుండెను. ఉస్మాన్‌గంజ్ ధాన్యపు బజారున బేరమాడువానికి “ఏ నాణెము?” అను ప్రశ్న ముఖ్యము. 1950 దశకమున ఆ సిక్కా పోయినది. దానితో ఆ ప్రశ్నయు పోయినట్లున్నది! డాలరును రూపాయలలోనికి గుణించి మురియువారు ఖర్చును గుణింపరేల? ఒక పక్షమునే విని డిక్రీ యిచ్చుట కాదా యిది? దూరమునుండి కొలువు చేయువారికి దుబాయి యిచ్చు అనుమతికి నెలకు 3,500 డాలర్ల రాబడి చూపవలెను. 2024లో థాయిలాండు తెచ్చిన దానికి 5 లక్షల బాట్ల నిలువ చూపవలెను. ఇది గడప దాటుటకు మాత్రమే. బాడుగ, బియ్యము, వైద్యము అన్నియు నచ్చటి నాణెముననే. పోవలదని మేమనము. ఇంటికి సొమ్ము పంపెదమని మాట యిచ్చి పోవువారు, ఒక నెల ఖర్చు ఆ యూరి ధరలలో వ్రాసి ముందు తలిదండ్రులకు చూపుదురు గాక.