బేటాకు సెక్షన్ ఉంది, బాప్‌కేది?

కోదాడలో మా బడే మామూ ఇంట్లో ఒక బిస్కెట్ల డబ్బా ఉంది. అందులో పాత పాస్‌పోర్టులు, ఇఖామా జిరాక్సులు, కంపెనీ ఇచ్చిన ఒకే ఒక్క అరబ్బీ కాగజ్. దమ్మామ్‌లో ఇరవై రెండేండ్లు పసీనా కార్చినందుకు మిగిలిన సబూత్ అంతే. 2020లో కరోనా టైములో పని బంద్ అయితే మామూ వాపస్ వచ్చేశిండు. హిసాబ్ తర్వాత పంపిస్తామన్నారు. పంపింది 2024 మే నెలలో.

ఆ హిసాబ్ ఏందంటే, సౌదీ కార్మిక చట్టం 84వ ఆర్టికల్ ప్రకారం నౌకరీ ముగిసినప్పుడు ఇచ్చే రఖమ్. మొదటి ఐదేండ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం. మామూ ఆఖరి జీతం 2,400 రియాల్. పందొమ్మిదిన్నర నెలలకు 46,800 రియాల్. మన రూపాయల్లో పది లక్షల పైచిలుకు. గల్ఫ్ కూలీకి పెన్షన్ లేదు, పీఎఫ్ లేదు. బుఢాపాకు ఉన్న సహారా ఇదొక్కటే.

పైసలు కోదాడ ఖాతాలో పడ్డయి. ముమానీ షుక్రానా నమాజ్ చదివింది. వారం తిరగకముందే సూర్యాపేటలో ఒక పన్నుల ఏజెంటు మామూను కూర్చోబెట్టి, ‘విదేశీ ఖాతా చూపించలేదు, పది లక్షల జరిమానా పడుతది’ అన్నడు. ఫీజు పాతిక వేలు తీసుకున్నడు. మామూకు ఖౌఫ్‌తో రెండు నెలలు నిద్ర లేదు.

నేను ఆ కాగజ్‌లన్నీ ముందేసుకుని కూర్చున్న. నల్లధనం చట్టం 2015లో పది లక్షల జరిమానా ఉన్న మాట నిజమే. కానీ అప్పట్లోనే ఐదు లక్షలు దాటని బ్యాంకు ఖాతాలకు అది వర్తించేది కాదు. 2024 అక్టోబర్ 1 నుంచి ఇల్లు, జాగా తప్ప మిగతా విదేశీ ఆస్తులు ఇరవై లక్షల లోపుంటే ఆ జరిమానా లేదు. మామూ దమ్మామ్ ఖాతాలో ఉన్నది మూడు వందల రియాల్!

ఇక పన్ను. మన చట్టం గ్రాట్యుటీకి ఇచ్చే మినహాయింపు ఏడాదికి అర నెల జీతం లెక్కనే, అదీ ఇరవై లక్షలు దాటకుండా. సౌదీ నెల ఇచ్చిన చోట మన సర్కార్ అర నెలనే గుర్తిస్తది. మామూకు పదకొండు నెలల జీతం మాఫ్, ఎనిమిదిన్నర నెలలది ఆమ్దనీ కింద లెక్క. అది నాలుగున్నర లక్షలు. ఆ ఏడాది కొత్త విధానంలో ఏడు లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి కట్టాల్సిన పన్ను సున్నా. సున్నా కోసం పాతిక వేలు, రెండు నెలల నిద్ర!

ఈ పైసలు 2020లోనే దమ్మామ్ ఖాతాలో పడి ఉంటే ఇక్కడ ఈ లెక్కే ఉండేది కాదు. ఏండ్ల తరబడి బయట ఉండి వచ్చినోళ్లకు మొదటి రెండు మూడేండ్లు విదేశీ ఆమ్దనీ మీద రియాయత్ ఉంటది. కంపెనీ ఆలస్యం చేసింది, రియాయత్ గడువు దాటింది. కసూర్ ఎవరిది, పరేషానీ ఎవరికి?

ఇప్పుడు మామూ కొడుకు సంగతి. డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్, 401(కె) ఖాతా ఉంది. రేపు వాపస్ వచ్చి ఇక్కడ ఉంటే, ఆ ఖాతాలో ఏటా పెరిగే దానికి ఏటా పన్ను కట్టే పని లేదు, తీసుకున్నప్పుడు కడితే చాలు. ఇందుకోసం 2021 బడ్జెట్‌లో 89ఎ అనే సెక్షన్ పెట్టిండ్రు. ఒక ఫారం నింపితే అయిపోతది. 2022లో దీనికి నోటిఫై చేసిన దేశాలు మూడే: అమెరికా, బ్రిటన్, కెనడా. ఆస్ట్రేలియా సూపర్ లేదు, సింగపూర్ సీపీఎఫ్ లేదు. నాకు హసద్ లేదు, వాడు నా బేటా లాంటోడే. కానీ అమెరికా ఖాతా తక్లీఫ్ ఢిల్లీకి ఎట్ల వినపడ్డది, దమ్మామ్ కూలీది ఎందుకు వినపడలేదు?

గల్ఫ్‌లో ఇన్‌కంటాక్సే లేదు, రెండు దేశాల పన్నులు గుద్దుకునే ముచ్చటే లేదు కదా అని మీరు అనొచ్చు. కాగజ్ మీద ఆ మాట సహీ. గుద్దుకునేది పన్నులు కాదు, నెలా అర నెలా. ఆ ఫరక్ సరిచేయడానికి ఏ సెక్షనూ లేదు.

గల్ఫ్ కూలీల పెన్షన్ కోసం 2012లో మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన తెచ్చిండ్రు. చేరినోళ్లు లేరని 2017లో మూసేసిండ్రు. మా మొహల్లాలో దాని పేరు విన్నోళ్లు ఒక్కరు దొరకలేదు నాకు. గల్ఫ్‌లో మౌత్ అయితే కుటుంబానికి ఐదు లక్షలు ఇస్తమని 2024లో తెలంగాణ సర్కార్ జీవో తెచ్చింది, మంచిదే. జిందా వాపస్ వచ్చినోడికి ఏముంది?

మనోళ్ల గల్తీ కూడా ఉంది, దాచను. మిర్యాలగూడలో మా ఖాలూకు జిద్దాలో ఖాతా ఉన్న సంగతి ఖాలాకే తెల్వదు. జకాత్ లెక్క పైసా పైసా తీస్తడు, రిటర్ను మాట ఎత్తితే ‘గల్ఫ్ పైసలకు టాక్స్ ఉండదు బేటా’ అంటడు. వాపస్ వచ్చి పదేండ్లయింది!

నేను అడిగేది పెద్దదేం కాదు. నౌకరీ ముగిసినందుకు వచ్చిన రఖమ్‌ను, ఏ దేశపు చట్టం లెక్కన వచ్చిందో ఆ లెక్కనే పూర్తిగా మాఫ్ చేయాలె. ఆలస్యంగా వచ్చినా, పని మానేసిన తారీఖునే చూడాలె. సూర్యాపేట కలెక్టరేట్‌లో వారానికి ఒక్క రోజు తెలుగులో, ఉర్దూలో చెప్పే మనిషిని కూర్చోబెట్టాలె. అప్పటిదాకా ఇఖామా, ఎగ్జిట్ ముద్ర ఉన్న పేజీ, ఆఖరి జీతం కాగజ్, కంపెనీ హిసాబ్ పారేయకుండ్రి. మామూ డబ్బాలో ఎగ్జిట్ ముద్ర పేజీ కోసం ఇంకా వెతుకుతనే ఉన్న.