కార్మికు డెవరు? మధ్యతరగతి యెవరు?

“మేము మధ్యతరగతివారము” అను మాట చిత్తూరు, తిరుపతి సీమలయందు మిక్కిలి సులభముగ వినవచ్చుచున్నది. కచేరి గుమాస్తా యీ మాట యనును, బడిపంతులనును, అయిదెకరముల మామిడితోటగల రైతనును, చిన్న అంగడి పెట్టుకొన్నవాడును అనును. తాను కార్మికుడనని చెప్పుకొనువాడు మాత్రము అరుదు. ఈ విభాగము దేనినిబట్టి యేర్పడుచున్నదో విచారింపకయే మన మీ పేరులను ధరించుచున్నాము. ఇది వట్టి పేరుల తగవు కాదు. తానెవరో యెరుగనివాడు ఎవరి కష్టము తన కష్టమో కూడ నెరుగడు. కావున విచారణ యావశ్యకము.

చేతిపని చేయువాడు కార్మికుడు, కలముపని చేయువాడు మధ్యతరగతివాడు అని లోకులందురు. చట్ట మిట్లు చెప్పుట లేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము శరీరశ్రమ చేయువానితోపాటు గుమాస్తాపని చేయువానిని సైతము కార్మికుడనియే పేర్కొన్నది. దాని స్థానమున 2025 నవంబరులో అమలునకు వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతియు ఆ మాటనే నిలిపినది. ఇస్త్రీచొక్కా తొడిగి లెక్కలు వ్రాయువాడు చట్టము దృష్టిలో కార్మికుడే. ఉపాధ్యాయుడో, ఆ చట్టముక్రింద కార్మికుడు కాడని 1988లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినను చిన్న ప్రైవేటు బడిలో పాఠములు చెప్పు పంతులు నెలజీతము, పనితనముగల తాపీమేస్త్రి రాబడికి తీసిపోవుట మనము చూచుచునే యున్నాము. చట్టము న్యాయస్థానమునకు పోవు అర్హతను నిర్ణయించును గాని, ఇంటిలోని స్థితిని నిర్ణయింపదు.

అట్లయిన రాబడియే కొలబద్ద యందురా? 2019లో మన రాష్ట్రప్రభుత్వము బియ్యపు కార్డునకు గ్రామములలో నెలకు 10,000 రూపాయలు, పట్టణములలో 12,000 రూపాయలు పరిమితిగ పెట్టినది. ఆ యేటనే రాజ్యాంగమునకు 103వ సవరణ జరిగి, ఇతర రిజర్వేషన్లు లేని కులములలో బలహీనులకు ప్రత్యేకావకాశము కలిగినది. అందులకు కుటుంబపు రాబడి పరిమితి ఏడాదికి 8 లక్షల రూపాయలు. నెలకు అరువదివేలు గడించు కుటుంబము ఒక లెక్కను బలహీనము, మరియొక లెక్కను బియ్యమున కనర్హము. అంకెలు దొరతనమువారి అవసరమునుబట్టి మారును. వానివలన మనుష్యుని తరగతి తేలదు.

అసలు భేదము తెలియవలెనన్న తిరుమల కల్యాణకట్టను చూడవలెను. అచ్చట ఒకేచోట, ఒకేవిధమగు కత్తి పట్టి, ఒకే పని చేయు క్షురకులలో రెండు తెగలు గలవు. ఒకరు దేవస్థానమువారి శాశ్వతోద్యోగులు. రెండవవారు తలల లెక్కను కూలి పొందువారు. పనిలో భేదము లేదు. నైపుణ్యములో భేదము లేదు. సేవించు స్వామి యొక్కడే. కాని మొదటివాడు నెలమొదట జీతము వచ్చునని యెరిగి బిడ్డను పైచదువునకు పంపగలడు. అతని జీతపుచీటి చూచి బ్యాంకువారు ఇంటికి ఋణమిత్తురు. రెండవవాడు జ్వరము వచ్చిన దినమున కూలికూడ పోగొట్టుకొనును. 2020 మార్చి 20వ తేదీన మహమ్మారి కారణమున భక్తులకు దర్శనము నిలిచిపోయి, జూనుమాసమునగాని తిరిగి మొదలు కాలేదు. తలలే రానిచో లెక్క యెక్కడిది? లెక్క లేనిచో కూలి యెక్కడిది? తలల లెక్కను కూలి యను ఏర్పాటునందే ఆ యాపద దాగియున్నది.

కావున మా యభిప్రాయ మిది: తరగతిని నిర్ణయించునది పని కాదు, చొక్కా కాదు, చదువును కాదు. రేపటినిగూర్చిన ధైర్యమే దానిని నిర్ణయించును. మూడుమాసములు పని లేకున్నను ఇల్లు గడుపుకొని, గిట్టని కూలిని కాదనగలవాడు మధ్యతరగతివాడు. కాదనలేనివాడు, ఏ వేషమున నున్నను, కార్మికుడే.

ఈ కొలబద్దతో కొలిచినచో మన భూస్వాములలో ననేకుల గతి యేమగును? కార్వేటినగరము, పుంగనూరు మున్నగు జమీందారీలు 1948 నాటి చట్టముతో అంతరించి రైతు చేతికి పట్టా వచ్చినపుడు, భూమి గలవానికి భయము లేదని తలచితిమి. జీవనదులు లేని యీ మెట్టసీమలో బోరుబావి యెండిన పట్టా యేపాటి ధైర్యమిచ్చును? 2025లో తోతాపురి ధర పడిపోగా ప్రభుత్వము కిలో 12 రూపాయలని నిర్ణయించి, అందు 8 రూపాయలు గుజ్జు కర్మాగారములవారును, 4 రూపాయలు తానును ఇచ్చునట్లేర్పరచెను. అయినను కాయల బండ్లు కర్మాగారముల వాకిళ్లయందు బారులుతీరి నిలిచెను. మాగుచున్న కాయ వేచియుండదు; కావున రైతును కాదనలేడు. వేకువజామున కూడలిలో కూలికై నిలుచువానికిని, ఆ వాకిట నిలిచిన తోటయజమానికిని అంతరమెంత?

ధైర్యము పొదుపువలనను, చదువువలనను గలుగునని కొంద రందురు. అందు కొంత సత్యము లేకపోలేదు. కాని మిగులునదేదియు లేనివాడు పొదుపు చేయుటెట్లు? తాతనాడే బడియు, భూమియు అందినవారెవరు, కులముపేర గడపయవతల నిలువబడినవారెవరు అని విచారించినచో, నేటి ధైర్యములో పాతకాలపు పంపకము స్పష్టముగ కనబడును.

సమానమైన పనికి సమానమైన వేతనము ప్రభుత్వ తాత్కాలికోద్యోగులకును చెల్లవలెనని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో తీర్పు చెప్పినది. ఒప్పందపు పనివారు ఆ న్యాయమును కోరి వీథికెక్కినపుడు, “రాకపోకలకు అడ్డ”మని విసుగుకొనువారిలో మన పట్టణపు పెద్దలే ముందుందురు. ఆ పెద్దల కుమారులు నేడు ఏ గుత్తదారు క్రింద, ఏ యేటి కాయేడు ఒప్పందముమీద పనిచేయుచున్నారో ఇంటివద్ద విచారించుకొందురు గాక. ఇంటిలో అంట్లు తోము స్త్రీకి జ్వరము వచ్చిన దినపు కూలి కోసివేయువాడు, తనకు జీతముతోడి సెలవు కావలెనని యే ముఖముతో నడుగును?

స్వరాజ్యము ప్రతివానికి ఓటు నిచ్చినది. గిట్టని కూలిని కాదనగల బలము నింకను ఈయవలసియున్నది. ఆ బలము తన పనివానికి లేకున్నను తనకుండిన చాలునను మధ్యతరగతివాడు, తన తరువాతి తరమునకు కూలివాని కూడలినే చూపుచున్నాడు.