ముందు బ్రేకు, ఆఖరున రంగు



సంఘం బండి గురించి అడిగేవారు ఎక్కువయ్యారు కనుక ఈ వారం దాని సంగతే రాస్తున్నాం. ఆదివారం ఆరాధన ముగిసి చెప్పులు తొడుక్కుంటూనే మొదటి ప్రశ్న: "అయ్యగారూ, బండి స్టార్టయిందా?" వెంటనే రెండోది: "ఏం రంగు వేయిస్తున్నారు?" స్టార్టు ఇంకా కాలేదు. రంగు గురించి మేమింకా ఆలోచించనే లేదు. ఆరు నెలలుగా ప్రతి సోమవారం మా ఇంటి ముందు వేపచెట్టు కింద సుత్తి చప్పుడు వింటున్న మీకు ఈ జవాబు నిరాశగానే ఉంటుంది. అయినా పని బాగా సాగుతోందనే అంటున్నాం. ఏ వరుసలో సాగుతోందో, ఆ వరుస కోసం ఎందుకు పట్టుబడుతున్నామో ఆలకించండి.

దూరాన ఉండి చదువుతున్నవారి కోసం రెండు మాటలు. ఇది 1990ల నాటి మహీంద్రా పికప్. ముందు భాగమంతా జీపే. 1947లో ఆ కంపెనీ మన దేశంలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. ఆ వంశంలోదే ఇదీను. నిచ్చెన లాంటి ఛాసిస్, నాలుగు మూలలా కమాను పట్టీలు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, డీజిల్ ఇంజను. కంప్యూటర్ల గొడవ లేదు. పానాల సెట్టు, మంచి జాకీ, చాలినంత ఓపిక ఉంటే చెట్టు కిందే విప్పుకోవచ్చు. మా దివిసీమలో చాలా ఏళ్ళు రొయ్యల చెరువుల మీద తిరిగింది. ఐసు పెట్టెల్లోంచి కారిన ఉప్పునీళ్ళు తాగీ తాగీ అడుగంతా పుండైపోయింది. చెరువులు మానేసిన పెద్దాయన ఒకరు పాత ఇనుము కొట్టుకు కిలోల లెక్కన వేయడానికి మనసొప్పక సంఘానికి ఇచ్చారు.

ఇచ్చిన రోజు నుంచీ సలహాలకు కొదువ లేదు. ఎక్కువమంది చెప్పిందేమంటే, దీన్ని అమ్మేసి, ఆ డబ్బు ముందు కట్టి, వాయిదాల మీద కొత్త బండి తీసుకోమని. ప్రేమతో చెప్పిన మాటే. కానీ నెలనెలా వాయిదా కట్టాల్సిన సేవకుడి ప్రసంగం ఎటు తిరుగుతుందో మీకు తెలియనిది కాదు. దశమభాగం గురించిన వాక్యాలు ఆ నెలల్లో తరచుగా గుర్తొస్తుంటాయి. కూలి డబ్బుల్లోంచి కానుక వేసే తల్లుల మీద ఆ భారం పెట్టడం మాకు ఇష్టం లేదు.

అలాగని పాత బండ్లన్నిటినీ బతికించాలని మేము అనం. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ పొడిగించడం మానేశారు. ముసలి డీజిల్ బండి పొగ పసిబిడ్డలకు మంచిది కాదన్నదీ నిజమే. ఛాసిస్సే పోయిన బండికి ఎంత ఖర్చు పెట్టినా దండగ, దాన్ని కరిగించేయడమే న్యాయం. అందుకే మొదటి రెండు నెలలూ మేము ఒక్క భాగం కూడా కొనలేదు. విప్పడం, గీకడం, తట్టి చూడడం, అంతే.

తట్టి చూడడం అంటే ఇది. చిన్న సుత్తితో ఛాసిస్ పొడవునా జానెడు జానెడు దూరంలో కొడుతూ పోవాలి. మంచి ఇనుము ఖంగుమంటుంది. లోపల తుప్పు తిన్నది పొట్టు కొబ్బరికాయలా మూగగా పలుకుతుంది. ఛాసిస్ చాలావరకు ఖంగుమంది, దేవునికి స్తోత్రం. క్యాబిన్ కిందకు వచ్చేసరికి అసలు కథ బయటపడింది. తలుపు కింది గడప నున్నగా ఉంది, బయటికి చిన్న మచ్చ కూడా లేదు. వైరు బ్రష్షు పెట్టి రుద్దితే రంగు, రంగు కింద పుట్టీ, పుట్టీ కింద ఇంకో రంగు, దాని కింద మళ్ళీ పుట్టీ. అంతా రాల్చాక చూస్తే మన చెయ్యి పట్టేంత బొక్క. ఎవరో ఎప్పుడో తుప్పును కొయ్యకుండా దాని మీదే పుట్టీ నింపి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, రంగు కొట్టారు. తేమ లోపలే ఉండిపోయింది. పైన మెరుస్తూనే ఉంది, లోపల తినేస్తూనే ఉంది. యెహెజ్కేలు గ్రంథం 13వ అధ్యాయంలో గోడకు గచ్చుపూత పూసేవారి సంగతి మీరు చదివే ఉంటారు. ఆ మాట మనకు మహా దగ్గరిదని గడప ముందు కూర్చున్నప్పుడు అనిపించింది. మూడు రాత్రుల ఉజ్జీవ సభలకు స్టేజీ, లైట్లు, ఫ్లెక్సీలు బ్రహ్మాండంగా వేసి, అదే సంఘంలో ఇద్దరు అన్నదమ్ములు పదేళ్ళుగా మాట్లాడుకోకపోతే పట్టించుకోకుండా ఉండడం ఏ పనో మీరే చెప్పండి.

ఊళ్ళో గేట్లూ గ్రిల్లులూ చేసే తమ్ముడొకడు వెల్డింగ్ చేసిపెడుతున్నాడు. అతను మన సంఘం వాడు కాడు. బొక్క మీద రేకు అతికేస్తే సరిపోదా అని మా పెద్దలొకరు అడిగితే, "తుప్పు మీద వెల్డింగ్ నిలవదండీ. మంచి ఇనుము తగిలేదాకా కొయ్యాల్సిందే" అన్నాడు. చెయ్యి పట్టే బొక్క కాస్తా కొయ్యగా కొయ్యగా మూరెడు అయింది. చూసేవాళ్ళకు బండి బాగవుతున్నట్టు లేదు, పాడవుతున్నట్టుంది. ఒక పెద్దమ్మగారైతే, "ఉన్నది కూడా కోసేశారేంటి నాయనా" అని నిజంగానే బాధపడ్డారు. కానీ ఆ రోజే బండి పని ముందుకు కదిలిందని మా లెక్క. కొత్త రేకు అతికించిన రోజు కన్నా పాత తుప్పు ఎంతవరకు పోయిందో తెలిసిన రోజే మాకు పెద్దది. ఇప్పుడు రెండు వైపుల గడపలకూ 18 గేజు రేకు వంచి అతికించడం అయింది. లోపలా బయటా రెడాక్సైడ్ పూశాం. ఎర్రగా, వికారంగా ఉంది. అలాగే ఉండనివ్వండి.

ఈ విషయంలో మాకు దారి చూపింది రాజులు రెండవ గ్రంథం 12వ అధ్యాయం. యోవాషు రాజు మందిరం బాగుచేయమని యాజకులకు చెప్పాడు. డబ్బు వస్తూనే ఉంది. ఆయన ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చినా గండ్లు గండ్లుగానే ఉన్నాయి. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు బెజ్జం వేయించి, బలిపీఠం పక్కన పెట్టించాడు. ఆ డబ్బు వడ్రంగులకు, రాళ్ళు చెక్కేవారికి, కలపకూ రాళ్ళకూ వెళ్ళింది. అక్కడ ఒక చిన్న మాట ఉంది, మనం దాన్ని దాటేసి పోతుంటాం: ఆ సొమ్ముతో వెండి గిన్నెలు గానీ బాకాలు గానీ చేయించలేదు. దినవృత్తాంతముల రెండవ గ్రంథం 24వ అధ్యాయం అదే సంగతి చెబుతూ, పని పూర్తయ్యాక మిగిలిన డబ్బుతో పాత్రలు చేయించారని రాసింది. రెండూ కలిపి చదివితే వరుస తెలుస్తుంది. పాత్రలు వద్దని ఎవరూ అనలేదు. గండ్లు పూడాక, మిగిలితే, అప్పుడు.

ఆ అధ్యాయంలోనే పని సాగిందని చెప్పడానికి హెబ్రీలో వాడిన మాట 'అరూకా'. పుండు మానుతూ కొత్త కండ పట్టడానికి వాడే మాట అది. యిర్మీయా తన జనుల గాయం ఎందుకు మానలేదని అడిగినచోట కూడా ఇదే. సెమినరీలో మా అధ్యాపకులు దీన్ని చెప్పినప్పుడు పరీక్ష కోసం రాసుకున్నాం. పుండు పైనుంచి మూసుకుంటే లోపల చీము పడుతుందని ఊళ్ళో కట్టు కట్టే ఏ నర్సమ్మనడిగినా చెబుతుంది. అడుగు నుంచి మానాలి.

ఇక బ్రేకుల సంగతి. ఇంజను కన్నా ముందు బ్రేకులు ఎందుకు పట్టుకున్నారని మెకానిక్కులు కూడా అడిగారు. కదలని బండికి బ్రేకెందుకని వాళ్ళ ప్రశ్న. కదిలాక వేసుకుందాంలే అనుకున్న బ్రేకు ఎప్పటికీ సరిగ్గా పడదన్నది మా అభిప్రాయం. ఇంజను ఒకసారి పలికిందంటే ఇంటిల్లిపాదికీ తొందర పుడుతుంది. వీధి చివరిదాకా వెళ్ళొద్దామంటారు, తరువాత కరకట్ట దాకా అంటారు.

డ్రమ్ములు ఊడదీయడానికే మూడు సోమవారాలు పట్టింది. తుప్పుతో బిగిసిన నట్ల మీద రాత్రి డీజిల్ పోసి, పొద్దున ప్రయత్నించి, కదలకపోతే మళ్ళీ పోసి వదిలేసేవాళ్ళం. బలం ప్రయోగిస్తే బోల్టు విరుగుతుంది, దాంతో ఒక్కరోజు పని వారం పని అవుతుంది. లోపల చూస్తే చక్రాల సిలిండర్లు గుంటలు పడి ఉన్నాయి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి మార్చకపోతే ఆ నీరు సిలిండర్లను లోపలే తినేస్తుంది. బ్రేకు వేడెక్కినప్పుడు ఆవిరై, పెడలు కిందికి జారిపోయేలా చేస్తుంది. సిలిండర్లు, పైపులు, లైనర్లు అన్నీ విజయవాడ ఆటోనగర్ నుంచి కొత్తవే తెచ్చాం. మిగతావాటిలో పాత సామానుకు మాకు అభ్యంతరం లేదు. బ్రేకుల్లో మాత్రం బేరం లేదు.

బిగించాక గాలి తీయాలి. ఈ పని ఒక్కరితో కాదు. మేము బండి కింద పడుకుంటే, మీరంతా అమ్మగారని పిలిచే మా ఇంటావిడ డ్రైవరు సీట్లో కూర్చుంది. మాస్టరు సిలిండరుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలు. ఆవిడ పెడలు తొక్కి పట్టుకోవాలి, కింద నిపిలు వదులు చేస్తే బుడగలతో ఆయిలు వస్తుంది, నిపిలు బిగించాకే ఆవిడ కాలు తీయాలి. ముందే తీసిందా, బయటి గాలి మళ్ళీ లోపలికి పోతుంది. "తొక్కు", "పట్టు", "వదులు". ఈ మూడు మాటలు తప్ప గంటన్నర సేపు మా మధ్య వేరే సంభాషణ లేదు. "పెళ్ళయిన ఇన్నేళ్ళకు నేను చెప్పేదాకా కాలు తీయకుండా ఉన్నావు" అన్నాం కింద నుంచి. "మీరు కింద ఉన్నారు కాబట్టి" అంది. చివరికి పెడలు రాయిలా గట్టిపడింది. వాలులో నిలబెట్టి, నలుగురం వెనకనుంచి తోసి చూశాం. కదల్లేదు. బండి కదలలేదని అంత సంతోషించినవాళ్ళు మా వీధిలో ఇంతకుముందు ఉండి ఉండరు.

ఇప్పుడు కొంతమందికి నచ్చని మాట. బండి సిద్ధమయ్యాక వెనక తొట్టిలో మనుషులను ఎక్కించం. మైకు సెట్టు, కుర్చీలు, షామియానా, ప్రేమవిందు బియ్యం, తుఫాను వస్తే టార్పాలిన్లు, వీటికే ఆ తొట్టి. సరుకు బండిలో జనాన్ని తీసుకెళ్ళడం చట్టానికి విరుద్ధమని మీకు తెలుసు. నాట్లకు, మిరపకాయ కోతలకు వెళ్ళే తల్లులు ఇలాంటి బండ్లు బోల్తా పడి చనిపోయారన్న వార్త ఏటా చదువుతూనే ఉన్నాం. కూలికి వెళ్ళే మనిషికి వేరే దారి లేకపోవచ్చు. సభలకు తీసుకెళ్ళే సేవకుడికి ఆ సాకు లేదు. ముప్పైమందిని తొట్టిలో నిలబెట్టి, పాటలు పాడించుకుంటూ తీసుకెళ్ళి, దేవుడు కాపాడతాడులే అనడం విశ్వాసమని మేము ఒప్పుకోం. దేవాలయ శిఖరం మీదనుంచి దూకమన్నవాడు కూడా కాపుదల గురించిన వాక్యమే ఎత్తి చూపించాడు.

ఇది చెప్పినప్పుడు ఒక అవ్వ లేచి, "బస్సు లేని ఊరోళ్ళం, మరి ఎలా రావాలయ్యా?" అంది. న్యాయమైన ప్రశ్న. క్యాబిన్‌లో డ్రైవరు కాక ఇద్దరికి చోటుంది. ముసలివారికి, జబ్బు పడ్డవారికి, నెలలు నిండినవారికి ఆ రెండు సీట్లు. మిగతావారికి ఆటో మాట్లాడి, ఖర్చు సంఘం పంచుకోవాలి. అందరికీ సరిపోదని మాకూ తెలుసు. మరింత కష్టమైనది సమాధి కార్యక్రమం. పెట్టె తొట్టిలో పెట్టాక కుటుంబమంతా దాని చుట్టూ కూర్చోవడం మన దగ్గర అలవాటు, తల్లి పెట్టె మీద చెయ్యి వేసి కూర్చున్న బిడ్డను దిగమనడం ఎవరి వల్ల అవుతుంది? మేము ఆలోచించిందేమంటే, బండి నడక వేగంతో వెళ్తుంది, అందరం వెనకాల నడుద్దాం. పెద్దలు దీని మీద ఇంకా మాట్లాడుకుంటున్నారు.

ఇంజను గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ట్యాంకు కడిగాం, ఫిల్టర్లు మార్చాం, చేత్తో తిప్పితే తిరుగుతోంది, బిగిసిపోలేదు. డీజిల్ పంపు, నాజిళ్ళు చెట్టు కింద చేసే పని కావు, వాటిని పరీక్షించే యంత్రం ఉన్నచోటికి పంపాలి. అవి వచ్చాక స్టార్టు చేస్తాం. ఆ తరువాత ఫిట్‌నెస్. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా వాహనానికి ఏటేటా చేయించాల్సిందే. ఆ కాగితం చేతికి రాకుండా రోడ్డెక్కించం. ఖర్చుల పుస్తకం మందిరంలో కానుకల పెట్టె పక్కనే వేలాడదీశాం, నట్టూ బోల్టూ సహా. ఎవరైనా తెరిచి చూడవచ్చు.

ఇప్పటికి కావలసినవి రెండు. ఎడమ వైపు తలుపుకు అద్దం పైకీ కిందికీ తిప్పే చేయి, దాని లోపలి మర. ఇవి ఆటోనగర్‌లో రెండుసార్లు వెతికినా దొరకలేదు. మీ ఊళ్ళో ఎవరి దొడ్లోనైనా పాత మహీంద్రా జీపు తలుపు పడి ఉంటే ఆదివారం వచ్చినప్పుడు చెప్పండి. ఊరికే ఇవ్వనక్కర్లేదు, ధర చెప్పండి, పుస్తకంలో రాసుకుంటాం. తీసుకెళ్ళే ముందు సుత్తితో ఒకసారి తట్టి చూస్తాం, ఏమీ అనుకోకండి.