బిల్లులో అదనపు వడ్డన

పుట్టినరోజు వచ్చినా, పిల్లల గ్రాడ్యుయేషన్ అయినా, ఊరి నుంచి అమ్మానాన్నలు దిగినా నలుగురూ కలిసి బయట భోంచేయడం అమెరికాలోని తెలుగు కుటుంబాలకు మామూలే. ఎడిసన్ నుంచి ఇర్వింగ్ దాకా, అక్కణ్ణుంచి ఫ్రీమాంట్ దాకా శని, ఆదివారాల్లో బిర్యానీ రెస్టారెంట్లు కిటకిటలాడుతుంటాయి. చిక్కంతా బిల్లు వచ్చాకే మొదలవుతోంది. తిన్నదానికి ఒక లెక్క. దాని కింద సేల్స్ టాక్స్, సర్వీస్ ఛార్జి, కార్డు ఫీజు. కొన్ని ఊళ్ళలో ఇంకో పేరుతో ఇంకో ఫీజు. ఇవన్నీ కూడాక కింద టిప్పు కోసం ఒక ఖాళీ గీత.

ఒక్కసారి లెక్క వేసి చూస్తే సంగతి తెలుస్తుంది. ఆరుగురు కూర్చున్న టేబుల్‌కు వంద డాలర్ల భోజనం అయిందనుకుందాం. ‘ఆరుగురు, అంతకు మించితే 18 శాతం’ అనే నిబంధన ప్రకారం సర్వీస్ ఛార్జి 18 డాలర్లు. భోజనం మీద పన్ను 8.25 శాతం అయితే మరో 8.25. ఈ మొత్తం మీద కార్డు ఫీజు 3 శాతం, అంటే 3.79. బిల్లు 130 డాలర్ల 4 సెంట్లకు చేరింది. అప్పుడు కార్డు మిషన్ 20 శాతం టిప్పు అడుగుతుంది. అది కూడా భోజనం మీద కాదు, పన్నుతో, ఫీజులతో కలిపిన మొత్తం మీద. నొక్కితే మరో 26 డాలర్ల ఒక సెంటు. వంద డాలర్ల భోజనం తడిసి మోపెడై 156 అవుతుంది. అదే భోజనానికి పన్ను కట్టి, తిన్నదాని మీద 20 శాతం టిప్పు మాత్రమే ఇచ్చి ఉంటే 128.25తో పోయేది.

ఈ గందరగోళంలో మన ఇళ్ళల్లో రెండు మాటలు వినిపిస్తుంటాయి. జీతం ఇవ్వాల్సింది ఓనరు కదా, మధ్యలో మనమెందుకు ఇవ్వాలన్నది ఒకటి. నలుగురిలో గొడవెందుకు, అడిగినంత నొక్కేస్తే పోతుందన్నది రెండోది. మొదటి మాట వల్ల సర్వర్‌కు అన్యాయం జరుగుతుంది. రెండో మాట వల్ల చెప్పకుండా ఛార్జీలు వేసే యజమానికి అడ్డూ అదుపూ లేకుండా పోతుంది. టిప్పు వేరు, సర్వీస్ ఛార్జి వేరు, కార్డు ఫీజు వేరు. మూడింటినీ విడదీసి చూస్తే ఏది ఇవ్వాలో, దేన్ని నిలదీయాలో తేలిపోతుంది.

ముందు టిప్పు సంగతి. అమెరికాలో ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. కానీ టిప్పులు అందుకునే ఉద్యోగికి యజమాని ఇవ్వాల్సిన కనీస నగదు వేతనం 2.13 డాలర్లే. 1991 నుంచి ఆ అంకె మారలేదు. టిప్పులు కలిపినా 7.25 రాకపోతే మిగతాది యజమాని పూడ్చాలని చట్టం చెబుతోంది. అంటే ఆ 2.13కీ 7.25కీ మధ్య ఉన్న తేడాను భర్తీ చేసేది ముందుగా తినడానికి వచ్చినవాళ్ళే. టెక్సస్, జార్జియా, నార్త్ కరోలినా రాష్ట్రాల్లో ఇప్పటికీ ఇదే పద్ధతి. డాలస్, అట్లాంటా, షార్లెట్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. అక్కడ రోజుకు ఎనిమిది గంటలు ప్లేట్లు మోసిన మనిషికి యజమాని నుంచి ఖాయంగా వచ్చేది 17 డాలర్ల 4 సెంట్లు. అక్కడ టిప్పు అంటే బహుమతి కాదు, జీతంలో భాగం.

కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒరెగన్, నెవాడా, మినెసోటా, మోంటానా, అలాస్కా రాష్ట్రాల్లో ఈ తగ్గింపు లేదు. టిప్పులతో సంబంధం లేకుండా పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. కాలిఫోర్నియాలో 2025లో అది గంటకు 16.50 డాలర్లు. అద్దెలు, ఖర్చులు ఆకాశాన్నంటే ఆ ఊళ్ళలో ఆ జీతం మాత్రమే చాలదు కాబట్టి అక్కడా టిప్పు ఇవ్వడం న్యాయమే. అయితే సర్వర్ పరిస్థితి అన్ని రాష్ట్రాల్లో ఒకేలా ఉండదన్న సంగతి తెలిసి ఇవ్వడం మంచిది.

ఇక సర్వీస్ ఛార్జి. పేరు చూసి సర్వీస్ చేసినవాళ్ళకే పోతుందని చాలామంది అనుకుంటారు. చట్టం అలా అనడం లేదు. తినేవాడు తన ఇష్టంతో, తనే మొత్తం నిర్ణయించుకుని, ఎవరికి ఇవ్వాలో తనే తేల్చుకుని ఇస్తేనే అది టిప్పు అని పన్నుల శాఖ ఐఆర్ఎస్ చెబుతోంది. బిల్లులో తప్పనిసరిగా వేసిన 18 శాతం దానికి ఏ పేరు పెట్టినా సర్వీస్ ఛార్జే. అది యజమాని ఆదాయం. సిబ్బందికి పంచవచ్చు, పంచకపోవచ్చు. అసలు టిప్పుల్లో మాత్రం యజమాని, మేనేజర్ వాటా తీసుకోకూడదని 2018లో ఫెడరల్ చట్టం స్పష్టం చేసింది.

2025 జూలైలో వచ్చిన కొత్త పన్ను చట్టంతో ఈ తేడాకు ఇంకా బరువు పెరిగింది. 2025 నుంచి 2028 వరకు ఏడాదికి 25 వేల డాలర్ల దాకా టిప్పుల మీద ఫెడరల్ ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. స్వచ్ఛందంగా ఇచ్చిన టిప్పులకే అది వర్తిస్తుంది. అదే 18 డాలర్లు సర్వీస్ ఛార్జి రూపంలో వసూలై, ఓనరు మంచివాడై మొత్తం సర్వర్‌కే ఇచ్చినా ఆ మినహాయింపు దక్కదు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 1 నుంచి టిప్పులతో పాటు సర్వీస్ ఛార్జిని కూడా పూర్తిగా సిబ్బందికే పంచాలన్న చట్టం అమల్లో ఉంది. అమెరికాలో ఫెడరల్ స్థాయిలో అలాంటి రక్షణ లేదు.

మూడోది కార్డు ఫీజు, రకరకాల పేర్లతో వచ్చే ఇతర సర్‌ఛార్జీలు. డెబిట్ కార్డు మీద సర్‌ఛార్జి వేయకూడదని వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనలే చెబుతున్నాయి. కనెక్టికట్, మసాచుసెట్స్ రాష్ట్రాలు క్రెడిట్ కార్డు సర్‌ఛార్జినే నిషేధించాయి. కార్డు కంపెనీకి కట్టే అసలు ఖర్చు కన్నా ఎక్కువ వసూలు చేయకూడదని, ముందుగా తెలియజేయాలని 2023లో న్యూజెర్సీ చట్టం చేసింది. కాలిఫోర్నియాలో దాపరికపు ఫీజులను నిషేధించే చట్టం 2024 జూలై 1న అమల్లోకి వచ్చింది. సరిగ్గా దానికి ముందే మరో చట్టం చేసి రెస్టారెంట్లకు వెసులుబాటు ఇచ్చారు. అయితే ఫీజు ఎంతో, దేనికోసమో మెనూలో కనబడేలా రాయాలన్న షరతు పెట్టారు. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం 2025 మేలో వచ్చినా అది ప్రదర్శనల టికెట్లకు, హోటల్ గదుల వంటి బసలకే పరిమితమైంది. రెస్టారెంట్లు అందులో లేవు. కాబట్టి తినేవాళ్ళు అడగడమే ఇప్పటికి మిగిలిన మార్గం.

ఇండియాలో ఈ పోరాటం ఇంకో దారిలో సాగింది. రెస్టారెంట్లు బిల్లులో సర్వీస్ ఛార్జిని తమంతట తాముగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెళ్ళాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలను సమర్థిస్తూ తీర్పు చెప్పింది. సెలవులకు హైదరాబాద్, విజయవాడ వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. జీఎస్టీ కట్టక తప్పదు, సర్వీస్ ఛార్జి మాత్రం తీసేయమని అడగవచ్చు. తీయకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

కౌంటర్ దగ్గర పార్శిల్ తీసుకునేటప్పుడు తిప్పి చూపించే టాబ్లెట్ గురించి కూడా చెప్పుకోవాలి. అయిదేళ్ళ కిందటితో పోలిస్తే ఎక్కువ చోట్ల టిప్పు అడుగుతున్నారని 2023లో ప్యూ పరిశోధన సంస్థ సర్వేలో 72 శాతం అమెరికన్లు అన్నారు. మన మిర్చిబజ్జీల పొట్లానికి ‘నో టిప్’ నొక్కినంత మాత్రాన ఎవరూ తలదించుకోవాల్సిన పని లేదు. కూర్చోబెట్టి గంటసేపు వడ్డించినవాళ్ళకు మాత్రం ఆ నియమం వర్తించదు. సర్వీస్ ఛార్జి వేశారన్న కోపంతో టిప్పు ఎగ్గొట్టడం అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే అవుతుంది. ముందు అడగాలి: ఈ ఛార్జి మీకే వస్తుందా? వస్తుందంటే మళ్ళీ 20 శాతం వేయనక్కర్లేదు. రాదంటే టిప్పు సర్వర్‌కు ఇచ్చి, ఛార్జి సంగతి మేనేజర్‌తో తేల్చుకోవాలి.

ఈ జాగ్రత్త తెలుగు సంఘాలకూ అవసరమే. ఉగాది, సంక్రాంతి, దీపావళి విందులకు బాంక్వెట్ హాలు మాట్లాడుకునేటప్పుడు కాంట్రాక్టులో ‘సర్వీస్ ఛార్జి’ అన్న వరుస ఉంటుంది. దాని కిందే చిన్న అక్షరాల్లో ఇది టిప్పు కాదని రాసి ఉండటం సాధారణం. సభ్యుల చందాల డబ్బుతో అది కట్టే ముందు, రాత్రి పన్నెండింటి దాకా బల్లలు సర్దే మనుషులకు అందులో ఎంత ముడుతుందో కార్యవర్గం రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

తెలుగు రెస్టారెంట్ల యజమానులకు ఒక మనవి. సరుకుల ధరలు, అద్దెలు పెరిగాయన్నది నిజం. ఆ భారం వంటకం ధరలోనే చూపించండి. బిర్యానీ 16 డాలర్లు కాస్తా 18 అయితే ఇష్టమైనవాళ్ళు తింటారు. 16 అని చెప్పి చివర్లో మూడు రకాల ఫీజులు వేస్తే నమ్మకం పోతుంది. ఛార్జీలన్నీ మెనూలోనే అచ్చువేసి, సర్వీస్ ఛార్జిలో సిబ్బంది వాటా ఎంతో రాసే రెస్టారెంట్లు మీ ఊళ్ళో ఉంటే వాటి పేర్లు పత్రికకు రాసి పంపండి. వచ్చే సంచికల్లో వాటికి చోటు ఉంటుంది.