సైటుకి ఎంత పెట్టారు? ఎంతమంది చూశారు? (పల్నాటి లెక్కలు – 6)



పోయిన భాగంలో సబ్‌ప్లాన్ డబ్బుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి ఎవరూ లెక్క అడగని ఖర్చు ఒకటుంది, దాన్ని ముందుకు తెస్తున్నా. ప్రభుత్వ వెబ్‌సైట్లు.

రోడ్డేస్తే గుంట పడింది కనపడుతుంది. హాస్టల్ కడితే పెచ్చులూడింది కనపడుతుంది. చెరువు పూడిక తీశామని బిల్లు పెడితే కట్ట మీదికెళ్ళి చూడొచ్చు. వెబ్‌సైటు మాత్రం ఎవరు కట్టారో, ఎంతకు కట్టారో, ఎంతమంది వాడారో ఊళ్ళో ఒక్కడికీ తెలవదు. కంటికి కనపడని కాంట్రాక్టు కాబట్టి నిలదీసేవాడు లేడు.

నా డిమాండ్ ముందే చెబుతున్నా. ప్రతి ప్రభుత్వ వెబ్‌సైటు మొదటి పేజీలో రెండు అంకెలు ఉండాలి. దీనికి ఎంత ఖర్చయింది? దీన్ని ఎంతమంది వాడారు? మూడో అంకె ఒకటుంది. అది ప్రభుత్వం పుస్తకాల్లో ఉండదు, మన జేబులకు పడ్డ చిల్లులో ఉంటుంది. దాని దగ్గరికీ వస్తా.

"మీ దళిత సంఘాలోళ్ళకు కంప్యూటర్ అంటే పడదు" అనేవాళ్ళకు ముందు జవాబు. తప్పు. మాకంటే ఎక్కువగా కంప్యూటర్ అవసరం ఉన్నోళ్ళు ఎవరూ లేరు. మా తాతల కాలంలో భూమి లెక్క కరణం ఇంట్లో పెట్టెలో ఉండేది. మన పేరు ఆ కాగితంలో ఉందో లేదో తెలుసుకోవాలంటే ఆయన అరుగు కింద చెప్పులిప్పి నిలబడాలి. ఆయన చూసి చెప్పిందే వేదం. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణాల వ్యవస్థ రద్దు చేసింది. 2011 నవంబరులో మీసేవ వచ్చింది. 2015లో మీభూమి సైటు వచ్చింది. అడంగల్, 1బీ ఎవరైనా తెరిచి చూడొచ్చన్నారు. కరణం పెట్టె మూత తెరుచుకుంది. ఇది చిన్న సంగతి కాదు. అందుకే అడుగుతున్నాం. తెరిచిన పెట్టెలోకి చూసే దారి వాడ దాకా ఎందుకు రాలేదు?

చట్టం ఏమంటుందో చూడండి. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(4) ప్రకారం సమాచారాన్ని జనానికి చేర్చేటప్పుడు మూడు చూసుకోవాలి. ఖర్చుకు తగ్గ ఫలితం, స్థానిక భాష, ఆ ప్రాంతంలో బాగా పనిచేసే పద్ధతి. ఆ పద్ధతులేంటో కూడా అక్కడే ఉన్నాయి. నోటీసు బోర్డు, పేపరు, బహిరంగ ప్రకటన, రేడియో, టీవీ లాంటివి, ఇంటర్నెట్. గమనించండి, వరసలో ఇంటర్నెట్ ఒకటి మాత్రమే. మన ఆఫీసర్లు మిగతావన్నీ వదిలేసి ఆ ఒక్కదాన్ని పట్టుకున్నారు. "సైట్లో పెట్టాం కదా" అంటే బాధ్యత తీరిపోయినట్టే.

బహిరంగ ప్రకటన అంటే దండోరా. ఈ దేశంలో మొదటి ప్రభుత్వ వెబ్‌సైటు మాదిగ డప్పు. శిస్తు కట్టాల్సిన రోజు, కలరా వచ్చిన కబురు, దొరవారు వచ్చే సంగతి, ఏదైనా డప్పు మీదే ఊరంతా తిరిగింది. ఊరు, వాడ, చదువొచ్చినోడు, రానోడు, అందరికీ తెలుగులోనే అందింది. దానికి ఊరు పెట్టిన ఖర్చు పిడికెడు గింజలు, కొన్నిచోట్ల అదీ లేదు, వెట్టి. ఆ వెట్టి మళ్ళీ రావాలని నేననడం లేదు, అది పోవాల్సిందే పోయింది. నేననేది ఒకటే. ఊరికి కబురు అందించడమంటే ఏంటో ఈ ప్రభుత్వానికి మా నుంచి నేర్చుకునే అవకాశం ఉండింది. వెట్టి చేయించుకుంది, పని మాత్రం నేర్చుకోలేదు.

ఇప్పుడు ఖర్చు సంగతి. లెక్క తీయడం సాధ్యమేనా అంటారు. 2010 జూన్‌లో బ్రిటన్ ప్రభుత్వం తన వెబ్‌సైట్ల లెక్క తనే బయట పెట్టింది. 46 సైట్లు కట్టడానికి, నడపడానికి ఏడాదిలో 9.4 కోట్ల పౌండ్లు, సిబ్బందికి ఇంకో 3.2 కోట్ల పౌండ్లు. విదేశీ వ్యాపారం పెంచడానికి పెట్టిన ఒక సైటును మనిషి ఒక్కసారి తెరిస్తే ప్రభుత్వానికి పడ్డ ఖర్చు 11.78 పౌండ్లు. అప్పటి మన డబ్బుల్లో దాదాపు 800 రూపాయలు. ఒక్క చూపుకి! అంకె బయటికొచ్చాక సిగ్గు కూడా బయటికొచ్చింది. 820 సైట్లున్నాయని తేల్చి, నాలుగింట మూడొంతులు మూసేస్తామన్నారు. 2012 అక్టోబరులో అన్నిటికీ కలిపి ఒకే గుమ్మం తెరిచారు. మనల్ని ఏలిపోయినోళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఉంటే ఇది నేర్చుకోవాలి.

మన దేశంలో లెక్క ఎప్పుడు బయటికొస్తుందో తెలుసా? పెద్దోళ్ళకు ఇబ్బంది కలిగినప్పుడు. 2021 జూన్‌లో ఆదాయపు పన్ను కొత్త పోర్టల్ తెరిచారు. ఇన్ఫోసిస్ కట్టింది. కేంద్ర కేబినెట్ ఆమోదించిన మొత్తం దాదాపు 4,242 కోట్లు. సైటు మొరాయించింది. పార్లమెంటులో ప్రశ్న వేస్తే అప్పటికే 164.5 కోట్లు చెల్లించామని సమాధానం వచ్చింది. ఆగస్టులో ఆర్థిక మంత్రి ఆ కంపెనీ సీఈఓనే ఢిల్లీకి పిలిపించి అడిగింది. మంచిదే, అడగాల్సిందే.

మరి 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిలో యాప్ హాజరు తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు ఫొటో ఎక్కాలి. సిగ్నల్ లేదు, సర్వర్ లేదు, ఫొటో ఎక్కలేదు అంటే చేసిన పనికి కూలి లేదు. రెంటచింతల ఎండలో మట్టి మోసిన మనిషికి ఆ సాయంత్రం "నువ్వు పనికి రాలేదు" అని ఫోను చెబుతుంది. దేశం నలుమూలల నుంచి కూలీలు వెళ్ళి జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చున్నారు. ఏ మంత్రి ఏ సీఈఓని పిలిపించాడు? పన్ను కట్టేవాడి సైటు ఆగితే అది దేశ సమస్య. కూలోడి యాప్ ఆగితే అది కూలోడి ఖర్మ. సర్వర్‌కి కులం లేదంటారు. దాని రిపేరుకి మాత్రం ఉంది.

మన రాష్ట్రానికి వద్దాం. జనం అర్జీ పెట్టుకునే సైటుకు ఎన్ని పేర్లు మారాయో లెక్కపెట్టండి. టీడీపీ ప్రభుత్వంలో మీకోసం. 2019 జులైలో స్పందన. 2023 మేలో జగనన్నకు చెబుదాం. 2024 తర్వాత పీజీఆర్‌ఎస్, అర్జీ ఎక్కించేది మళ్ళీ మీకోసంలో. సోమవారం అదే, క్యూ అదే, అర్జీ అదే, పట్టుకొచ్చిన మనిషీ అదే. బోర్డు మారినప్పుడల్లా పేజీలు మారాయి, ఫారాలు మారాయి, సిబ్బందికి ట్రైనింగులు అయ్యాయి. ఆ ఖర్చులన్నీ కలిపి ఎంత? స్పందనలో ఇచ్చిన అర్జీ నంబరు ఈరోజు కొడితే ఏం వస్తుంది? మీ దగ్గర పాత రశీదు ఉంటే కొట్టి చూడండి.

జీవోల సైటు కథ ఇంకోటి. 2021 ఆగస్టులో జీవోలను జనం చూసే ఆ సైట్లో పెట్టడం ఆపేశారు. మూడేళ్ళ తర్వాత, 2024 ఆగస్టు చివర్లో మళ్ళీ మొదలుపెట్టారు. అసైన్డ్ భూమి కేసులోనో, రోస్టర్ పాయింటు కేసులోనో ఒక్క జీవో కాగితం కోసం తిరిగినోడికి ఆ మూడేళ్ళ విలువ తెలుసు. సైటు ప్రభుత్వం సొంత ఆస్తి అనుకుంటే ఇష్టమున్నప్పుడు తాళమేస్తారు. మన డబ్బుతో కట్టింది అనుకుంటే తాళమేసే ముందు మనల్ని అడుగుతారు.

2025 జనవరి 30న వాట్సాప్‌లో మన మిత్ర పెట్టారు. మొదటి రోజే 161 సేవలన్నారు. ఇంకా పెంచుతామన్నారు. దారి దగ్గరైతే నేనూ సంతోషిస్తా. కానీ వాళ్ళు లెక్కపెట్టేది సేవల్ని, మనుషుల్ని కాదు. 161 తలుపులున్న ఇల్లు కట్టామనడం గొప్పే. ఏ తలుపులోంచి ఎంతమంది లోపలికొచ్చారు? అందులో ఎస్సీ వాడల నుంచి ఎంతమంది? ఈ అంకెలు ఎందుకు పేపరుకెక్కవు?

ఇక మూడో అంకె. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు నూటికి 21 మంది. మగవాళ్ళు దాదాపు 49. ఇది అన్ని కులాలూ, అన్ని ఊళ్ళూ కలిపిన సగటు. మిరపకోతకు పోయే మా అక్కలు ఆ 21లో ఉంటారా, మిగిలిన 79లో ఉంటారా? ఈ అయిదేళ్ళలో ఫోన్లు పెరిగాయి, నిజమే. ఇంట్లో ఒక ఫోను, అది కొడుకు జేబులో.

మా వైపు ఒక పెద్దమ్మ ఉంది. ఎకరం అసైన్డ్ భూమి. ఊరి పేరు, ఆఫీసు పేరు చెప్పను. "ఒరేయ్ అబ్బాయ్, నా ఎకరం ఆ కంప్యూటర్లో ఉందో లేదో చూసి పెట్టరా" అంది. భూమి ఉంది. పేరులో ఒక అక్షరం ఆధార్‌తో కలవలేదు. ఆ అక్షరం కోసం ఆమె నెట్ సెంటర్‌కు, సచివాలయానికి, మండలానికి తిరిగింది. వెళ్ళిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయింది. తప్పు కొట్టింది ఆమె కాదు. దిద్దించుకునే ఖర్చు మాత్రం ఆమెదే.

లెక్క వేద్దాం. నా అంకెలు ఉజ్జాయింపు, మీ ఊరి రేట్లు మీరు పెట్టుకోండి. పోయిన కూలి 400, ఆటో, బస్సు 100, ప్రింటు, జిరాక్సు 50. ఒక తిరుగుడు 550. ఒక పనికి మూడు తిరుగుళ్ళు, 1,650. వంద గడపల వాడలో ఇంటికి ఏడాదికి ఒక్క పని పడినా 1,65,000 రూపాయలు. బ్రిటన్‌లో ఒక్క చూపుకి 800 పెట్టింది ప్రభుత్వం. ఇక్కడ పెడుతున్నది చూసేవాడు. ఏ బడ్జెట్ పుస్తకంలోనూ ఈ పద్దు లేదు. దీన్నే వాళ్ళు "ఉచిత ఆన్‌లైన్ సేవ" అంటున్నారు.

వినుకొండ మన జిల్లానే, జాషువా పుట్టిన గడ్డ. ఆయన గబ్బిలంలో గుడి లోపలికి రానివ్వని మనిషి తన గోడు శివుడి చెవిన వేయమని గబ్బిలాన్ని బతిమాలతాడు. గబ్బిలానికి గుడిలోకి అడ్డులేదు, మనిషికి ఉంది. ఇవాళ మన గబ్బిలం నెట్ సెంటర్ కుర్రాడు. వాడి తప్పేం లేదు, వాడూ బతకాలి. మన గోడు మనం నేరుగా చెప్పుకోలేని గుడిని మళ్ళీ కట్టినోళ్ళదే తప్పు.

"జిల్లా సైటు ఎన్‌ఐసీ ఇస్తుంది, మాకేం ఖర్చు లేదు" అని ఆఫీసర్లు అంటారు. ఎన్‌ఐసీ 1976 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. దాని జీతాలు, సర్వర్లు మన పన్నుల్లోంచే. అగ్గిపెట్టె కొన్నప్పుడు మా పెద్దమ్మా పన్ను కట్టింది. ఉచితంగా వచ్చిందంటే లెక్క చెప్పక్కర్లేదని కాదు.

మరి ఏం చేద్దాం? రాద్దాం. ఊరి స్థాయిలో ఆర్టీఐకి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, పైన 10. తెల్లకార్డు ఉంటే అదీ లేదు. రాయడం రానివాళ్ళు నోటితో చెబితే అధికారే రాసిపెట్టాలి, సెక్షన్ 6 చెబుతోంది. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అప్పీలు. నరసరావుపేట కలెక్టరేట్‌కి ఈ ప్రశ్నలు పంపండి:

1. 2022 ఏప్రిల్‌లో జిల్లా ఏర్పడినప్పటి నుంచి జిల్లా వెబ్‌సైటు మీద, జిల్లా పెట్టిన ఇతర యాప్‌ల మీద ఏడాదివారీగా ఎంత ఖర్చయింది? ఎవరికి చెల్లించారు?

2. నెలవారీగా సైటు ఎంతమంది తెరిచారు? అందులో తెలుగు పేజీ తెరిచినవాళ్ళు ఎంతమంది? 1966 నుంచి తెలుగు మన అధికార భాష కదా.

3. 28 మండలాల్లో ఆన్‌లైన్ అర్జీలు మండలవారీగా ఎన్ని? అర్జీదారు సొంతంగా పెట్టినవి ఎన్ని? మూసేశాక మళ్ళీ తెరిచినవి ఎన్ని?

4. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక నిబంధనల్లో 17వ నిబంధన ప్రకారం జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. కూర్చున్న తేదీలు, మినిట్స్ ఇవ్వండి. అవి సైట్లో ఏ పేజీలో ఉన్నాయి?

5. అట్రాసిటీ హెల్ప్‌లైన్ 14566 నంబరు ఏ ఏ సచివాలయాల గోడ మీద రాశారు?

అయిదో ప్రశ్న చూసి నవ్వకండి. గోడ మీద ఒక నంబరు రాయడానికి ఒక డబ్బా పెయింటు చాలు. సర్వర్ అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. దెబ్బలు తిన్న మనిషికి రాత్రి పదకొండింటికి అక్కరకొచ్చేది ఆ గోడే. 14566 మొదలై 2021 డిసెంబరు నుంచి ఇన్నేళ్ళయింది. మీ ఊళ్ళో ఎంతమందికి తెలుసో రేపు పొద్దున టీ కొట్టు దగ్గర అడగండి.

మాచర్లలో, గురజాలలో, కారంపూడిలో, దాచేపల్లిలో మన కుర్రాళ్ళున్నారు. డిగ్రీలు ఉన్నాయి, ఫోన్లు ఉన్నాయి. మండలానికి ఇద్దరు చొప్పున తలా ఒక అర్జీ రాయండి. ఏ పార్టీ జెండా వద్దు. రశీదు భద్రంగా పెట్టుకోండి. వచ్చిన జవాబు నాకు పంపండి, రాకపోతే ఆ సంగతీ పంపండి. రెండూ ఇక్కడే అచ్చేస్తా, మండలం పేరుతో సహా.

జై భీమ్.