తిలాపాపం తలా పిడికెడేనా?

లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రసక్తి వచ్చినప్పుడల్లా చదువుకున్న మిత్రులు సైతం ఒకే వాదన వినిపిస్తుంటారు. "ఆ రోజుల్లో అందరూ మందులు వాడినవారే కదా! అందరూ వాడినప్పుడు గెలిచినవాడే ఘనుడు. ఆ నిషేధమేదో ఎత్తివేస్తే పీడా వదులుతుంది" అని. మొన్నొక విందులో మళ్ళీ విన్నాను. అక్కడ మర్యాద కొద్దీ ఊరకున్నాను, ఇక్కడ ఊరకుండలేను.

ఆనాటి సైకిల్ పందేలను ఏలిన మందు ఎరిత్రోపొయెటిన్, క్లుప్తంగా ఈపీఓ. మన మూత్రపిండాలు స్రవించే హార్మోనుకు ప్రయోగశాలలో తయారైన నకలు. రక్తహీనతతో నీరసించే మూత్రపిండ రోగుల కోసం వచ్చిన ఔషధం. ఎర్రకణాలను పెంచుతుంది గనుక కండరాలకు ప్రాణవాయువు ఎక్కువగా అందుతుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ దాకా దీన్ని పట్టుకునే పరీక్షే అమలులో లేదు. 1996 టూర్ ద ఫ్రాన్స్ విజేత బ్యార్న్ రీస్‌ను తోటివారు "మిస్టర్ 60 శాతం" అని ఎగతాళి చేసేవారట. ఆయన తన తప్పు ఒప్పుకున్నది 2007లో.

చేసేది లేక అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 1997లో ఒక లక్ష్మణరేఖ గీసింది: రక్తంలో ఎర్రకణాల వాటా 50 శాతం మించరాదు. రేఖ దాకా వెళ్ళేవాణ్ణి అడిగే నాథుడు లేడు!

ఇప్పుడు లెక్క వేయండి. సహజంగా 41 శాతం ఉన్నవాడు మందు పుణ్యమా అని తొమ్మిది మెట్లు ఎక్కగలడు. పుట్టుకతోనే 48 ఉన్నవాడికి మిగిలేవి రెండే. ప్రకృతి ఇతనికిచ్చిన వరాన్ని అతడు సూదితో కొనుక్కున్నాడు. పైగా ఆ కొనుగోలూ అందరికీ అందేది కాదు. మికేలే ఫెరారి అనే ఇటలీ వైద్యుడికి ఆర్మ్‌స్ట్రాంగ్ చెల్లించినది పది లక్షల డాలర్లకు పైమాటేనని అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ 2012లో వెల్లడించింది. ఇదేనా సమానత్వం?

ఇక "అందరూ" అన్న మాట. 1998లో ఫెస్టినా జట్టు సహాయకుడు విల్లీ వోయెట్ కారునిండా మందులతో సరిహద్దులో దొరికిపోయాడు. జట్టును టూర్ నుంచి వెళ్ళగొట్టారు. ఆ జట్టులో మందు ముట్టనివాడని సహచరులే చెప్పిన మనిషి క్రిస్టోఫ్ బాసోన్స్. మరుసటి ఏడు వేరొక జట్టు తరఫున టూర్‌కు వచ్చి, ఒక పత్రికలో శీర్షిక రాస్తూ, ఈ వేగాలు నమ్మేలా లేవన్నాడు. గుంపులో అతనితో మాట్లాడేవాడు కరువయ్యాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకు వచ్చి, నీవు క్రీడకు చేటు చేస్తున్నావు, ఇంటికి పొమ్మన్నాడు. సొంత జట్టు కూడా అండగా నిలవలేదు. బాసోన్స్ పందెం మధ్యలోనే వెళ్ళిపోయాడు. 2001లో ఆ వృత్తినే వదిలేశాడు.

అయ్యా, వాడనివాణ్ణి తరిమేశాక మిగిలినవారంతా వాడినవారే అవుతారు. ఆ తరిమివేతనే సాక్ష్యంగా చూపి తరిమినవాణ్ణి విడిచిపెట్టమంటారా? నిషేధం ఎత్తివేస్తే బాసోన్స్‌కు జరిగినదే చట్టమవుతుంది. పదిహేడేళ్ళ కుర్రవాడు జట్టులో చేరాలంటే కాళ్ళ బలంతో పాటు రక్తం చిక్కబరచుకునే తెగువ కూడా అర్హతే. చిక్కబడిన రక్తం గుండెకూ మెదడుకూ ఏం చేస్తుందో వైద్యులైన మిత్రులకు నేను చెప్పనక్కరలేదు.

నిజాయితీగా ఒక మాట. 2004లో ఒక డాలరు పెట్టి ఆ పసుపుపచ్చ రబ్బరు కడియం నేనూ కొనుక్కున్నాను. కాన్సర్‌ను గెలిచి వచ్చిన మనిషి మీద ఈగ వాలనిచ్చేవాణ్ణి కాదు. బాసోన్స్ పేరు అప్పటికి విననైనా వినలేదు.

2012లో ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు విజయాలనూ రద్దు చేశారు. వాటిని మరెవరికీ ఇవ్వలేదు; 1999 నుంచి 2005 దాకా విజేత గడి ఖాళీ. గెలిచినవాడే ఘనుడన్న ఆ మిత్రుడు మళ్ళీ కనిపిస్తే ఆ జాబితా చేతిలో పెట్టి, అందులో ఎవరున్నారో చదివి వినిపించమంటాను.